ఆరున్నొక్కటి

సాలోమోను కుంచం పట్టాడంటే మొయినాబాద్ చుట్టుపక్కల కల్లాల్లో వంక పెట్టేవాడు లేడు. గింజ తేడా రాదు, చెయ్యి వణకదు. ఒక్కటే చిక్కు. ఆరో కుంచం పోసి ఆగిపోతాడు. వంచిన నడుం వంచినట్టే ఉంచి, ధాన్యం రాశి వెనక ఎవరో ఉన్నట్టు చెవి పెట్టి వింటాడు. రైతు విసుక్కుంటే తప్ప తరవాతి కుంచం ముంచడు. కొత్తవాళ్ళు అది పొగరనుకునేవాళ్ళు. తెలిసినవాళ్ళు తలలు దించుకుని ఊరుకునేవాళ్ళు.

ఆ వినేది ఏమిటో తెలియాలంటే ముందు ఇక్కడి కొలత సంగతి తెలియాలి. కల్లంలో మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని రాగం తీస్తూ పోతారు. ఆరు తరవాత మాత్రం ఏడు అనరు. ఆ మాటలో ఏడుపున్నది. పండిన పంట ముందు ఏడుపు మాటెందుకని ‘ఆరున్నొక్కటి’ అని దాటేస్తారు. సాలోమోను తండ్రి బీరయ్య జీవితమంతా పటేండ్ల కల్లాల్లో కుంచం పట్టినవాడు. ప్రభువును నమ్ముకున్న ఇల్లే గానీ, వారానికి రోజులెన్ని అని పాదిరి అడిగితే బీరయ్య గుడిలో కూడా ఆరున్నొక్కటే అనేవాడు. పాదిరి నవ్వి వదిలేసేవాడు. నాలుక మీద అంతగా నాటుకున్న అలవాటు కొడుకులకు రాకుండా ఎట్లా ఉంటుంది?

బీరయ్య పోయాక సాలోమోను పట్నం చేరి, ఒక మిషను కాలేజీలో ఆటస్థలం పనికి కుదిరాడు. సున్నంతో గీతలు గీయడం, తోలు బంతికి గాలి కొట్టి తాడు బిగించడం అతని పని. తమ్ముడు స్వామిదాసు అదే కాలేజీలో చదివేవాడు. చదువు అంతంతమాత్రం. కానీ బంతి కాలికి దొరికితే వదలడు. హాస్టల్లో చోటు దొరికిందీ ఆ కాలి వల్లే. చిన్నప్పుడు జ్వరమొచ్చి, కీళ్ళన్నీ వాచి, బతకడనుకున్న పిల్లవాడు వాడు. అందుకే పట్నం పంపేనాడు తల్లి సారమ్మ, అజీజ్‌నగర్ దాటేదాకా వెంట నడిచొచ్చి పెద్దకొడుకు చెయ్యి పట్టుకుంది.

“వాని పానం నీ చేతుల పెడుతున్న కొడుకా. జర కనిపెట్టుకొని ఉండు.”

ఇది ముప్పై ఎనిమిది నాటి మాట. వానలు వెనకబట్టి కాలేజీల ఫుట్‌బాల్ పందాలు మొదలయ్యాయి. మొదటి రెండు ఆటలూ కాలేజీ గెలిచింది. హాస్టలంతా ఒకటే సంబరం, కప్పు ఇంటికొచ్చేసినట్టే కోతలు. జట్టును చూసుకునే బాల్‌రాజ్ సార్ ఒక్కడే మొహం ముడుచుకున్నాడు. పట్నం పక్క లష్కర్లో పుట్టి పెరిగినవాడు, ఇంగ్లీషూ ఉర్దూ ధారాళం, తెలుగు మాత్రం బజార్లో ఏరుకున్నది.

“గెల్చినం గద సార్, ఇంక ఫికరెందుకు?” అన్నాడు సాలోమోను.

“ఎప్పుడు గెల్చినం? మన గోల్స్ అన్నీ ఇంటర్వల్ ముందుగాలనే. తర్వాత ఒక్కటి లేదు. మనమీద పడ్డయన్నీ ఆఖర్ల పడ్డయి. శురూలనే గిట్లుంటే, ముందు ముందు ఏమైతది?”

సాలోమోనుకు అది కొత్త. గెలిచిన ఆటకు ఇన్ని లెక్కలుంటాయని అతనికి తెలియదు. సార్ వివరంగా చెప్పాడు. జట్టుకు దమ్ము చాలడం లేదు. ముందుకూ వెనక్కూ అందరికంటే ఎక్కువ ఉరికేది నడిమి ఆటగాళ్ళు ఇద్దరు, రామన్న, స్వామిదాసు. వాళ్ళలో ఎవరో తూలుతున్నారు, ఆ సందులోంచే ఎదుటివాళ్ళు దూరుతున్నారు. ఎవరన్నది తేలాలి.

“మూడో ఆటల నువ్వు గీత మీద నిలబడు. వాళ్ళిద్దరు ఎన్నిసార్లు మోకాళ్ళ మీద చేతులు పెట్టి ఆగుతరో గిను. ఎవడైనా ఆరు దాటిండంటే వాడు నాలుగో ఆట ఆడడు. ముందు దవాఖానకు తోలుకపోయి గుండె చూపిస్త.”

సాలోమోను గీత మీద నిలబడ్డాడు. గొంతు దానంతటదే కల్లం రాగం ఎత్తుకుంది. స్వామిదాసు మొదటిసారి వంగగానే “లాభం” అన్నాడు. పక్కనున్న కుర్రాళ్ళు విరగబడి నవ్వారు. “ఏమన్నా, వడ్లు కొలుస్తున్నవా?” అని ఆటపట్టించారు. అతనూ నవ్వాడు. ఇంటర్వల్ నాటికి నవ్వు పోయింది. రామన్న ఒక్కసారే ఆగాడు. తమ్ముడివి నాలుగయ్యాయి.

స్వామిదాసు నిమ్మచెక్క చీకుతూ దగ్గరికొచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

“అన్నా, సార్‌కు జర తగ్గించి చెప్పు. నన్ను తీసేస్తే హాస్టల్ల ఉండనిస్తరా? అవ్వకు ఏమని చెప్పాలె?”

“అబద్ధం నాతోని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్త. నువ్వే జర మెల్లగ ఉరుకు.”

మెల్లగా ఉరికే రకమా వాడు? రెండో సగంలో ఐదు, ఆరు అయ్యాయి. చివరి ఘడియలో స్వామిదాసు సరిగ్గా అన్న ముందే మోకాళ్ళ మీద చేతులేసి ఆగాడు. ఆ ఊపిరి వినబడింది. చిల్లిపడ్డ బంతి బ్లాడర్లోంచి గాలి పోతున్నట్టు సన్నగా, తెగుతూ తెగుతూ. సాలోమోను తమ్ముణ్ణే చూస్తూ, “ఆరున్నొక్కటి” అన్నాడు మెల్లగా. ఆ వెంటనే ఈల మోగింది. కాలేజీ మళ్ళీ గెలిచింది.

మైదానమంతా గోల. డప్పులు, కేకలు, టోపీలు గాల్లో. ఆ గోలలో బాల్‌రాజ్ సార్ జనాన్ని తోసుకుంటూ వచ్చి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

“స్వామిదాసువి, రామన్నవి, ఇద్దరివీ చెప్పు!”

“ఆరున్నొక్కటి సార్...”

రామన్నది చెప్పబోయేంతలో సార్ భుజం తట్టాడు. “ఆరు, ఒకటి. అచ్ఛా, బాగున్నది” అంటూనే జనంలో కలిసిపోయాడు. తమ్ముడికి ఆరు, రామన్నకు ఒకటి అని ఆయన లెక్క. డప్పుల్లో సాలోమోనుకు వినబడింది చివరి మాట ఒక్కటే. బాగున్నది.

మర్నాడు నాలుగో ఆటకు పేర్లు చదివారు. స్వామిదాసు పేరుంది. సాలోమోను సున్నం బకెట్టు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఇదేంది, ఆరు దాటింది గదా అని నోటిదాకా వచ్చింది. పెద్ద చదువు చదివినాయన, చూసే పెట్టి ఉంటాడులే అనుకున్నాడు. తమ్ముడు గుంపులోంచి తనవైపు చూసి కళ్ళతోనే దండం పెట్టాడు, అన్న తన కోసం అబద్ధమాడాడని. అన్న ఆడలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. చెప్పిన మాట చేరిందో లేదో అడగలేదు, అంతే. ఒక్క అడుగు ముందుకేసి ఆ ఒక్క ముక్క అడిగితే సరిపోయేది.

నాలుగో ఆట రెండో సగంలో స్వామిదాసు మోకాళ్ళ మీద చేతులు పెట్టి వంగాడు, మళ్ళీ లేవలేదు. దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది. చిన్ననాటి జ్వరమే గుండెను తినేసిందని, ముందే తెలిసి ఆట మాన్పించి ఉంటే బతికేవాడేమోనని డాక్టరు చెప్పాడు.

వరండాలో బాల్‌రాజ్ సార్ గోడకు చేరగిలబడ్డాడు. “ఆరే అన్నవు గద సాలోమోను? ఆరే గద?”

“ఆరు గాదు సార్. ఆరున్నొక్కటి.”

“అంటే?”

సాలోమోను నోరు తెరిచాడు. తమ్ముడు లోపల గుడ్డ కప్పుకుని పడుకుని ఉన్నాడు. అప్పటికి కూడా ఆ మాట రాలేదు. ఒక చేతి వేళ్ళన్నీ, రెండో చేతివి రెండు ఎత్తి చూపించాడు. సార్ ఆ వేళ్ళను చూస్తూ నేల మీద కూలబడ్డాడు.

“సాత్ అని అంటే అయిపోయేది గదయ్యా! ఆ మాటెందుకు అనలేదు?”

“మా దిక్కు అనరు సార్. అంటే ఏడుపొస్తది.”

తిరిగి ఊరొచ్చిన సాలోమోను తండ్రి కుంచమే పట్టాడు. తల్లికి నిజం చెప్పాడు. ఆమె గుండె బాదుకుంది గానీ కొడుకును ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నయమని అతననుకునేవాడు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. తమ్ముడు పోయిననాడు గానీ, మట్టిచ్చిననాడు గానీ కంట తడి పెట్టలేదు. కానీ ఏ కల్లంలోనైనా సరే, ఆరో కుంచం పోయగానే రాశి వెనకనుంచి ఆ ఊపిరి వినబడేది. సన్నగా, తెగుతూ తెగుతూ. అది భయమో ఆశో అతనికే తెలియదు. తరవాతి కుంచం కొలవగానే ఆగిపోయేది.

ఏళ్ళు గడిచాయి. ఎక్కడో పెద్ద యుద్ధమని, లెవీ ధాన్యమని ఊళ్ళన్నీ ఉడుకుతున్న రోజుల్లో ఒక సాయంత్రం, చేవెళ్ళ దారిలో ముత్తమ్మ అనే రైతు కల్లంలో కొలత నడుస్తోంది. సారమ్మ చీపురుతో తాలు ఊడుస్తోంది. ఆరో కుంచం పడింది. సాలోమోను ఆగాడు, చెవి పెట్టాడు. ఊపిరి వచ్చింది. ముత్తమ్మ ఏదో అనబోయింది. సారమ్మ చెయ్యడ్డం పెట్టి ఆపి, చీపురు పడేసి, కొడుకు పక్కకొచ్చి కూచుంది.

“ఏడు బిడ్డా” అంది.

అతను బిత్తరపోయి చూశాడు. కల్లంలో నోటెంట రాకూడని మాట.

“ఎన్నేండ్లు ఆపుకుంటవు? ఏడు కొడుకా, ఏడు.”

కుంచం ముంచాడు. నిండింది. ఎత్తి పోశాడు.

“ఏడు” అన్నాడు సాలోమోను.

ముత్తమ్మ నోరు నొక్కుకుంది. అతను గింజల్లో మోకాళ్ళ మీద కూలబడి, తల్లి ఒళ్ళో మొహం పెట్టుకుని, పొద్దు గుంకేదాకా ఏడ్చాడు. లేచి మళ్ళీ రాశి వెనక్కి చెవి పెట్టాడు. ఏమీ లేదు. ఆ ఏడూ ఆ పై ఏడూ ఎన్ని కల్లాల్లో విన్నా ఆ ఊపిరి మళ్ళీ వినబడలేదు. తమ్ముడు ఇక లేడని సాలోమోనుకు తెలిసింది ఆ సాయంత్రమే.