మూడు దళాల నడుమ హైమవతి

ఏం పని చేస్తారని ఢిల్లీ జనక్‌పురిలో ఇరుగుపొరుగు అడిగితే "రేడియోలు చేస్తానండీ" అని ఊరుకునేది హైమవతి. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. గురుగ్రామ్‌లో ఒక ప్రైవేటు రక్షణ సంస్థలో ఆమె ఇంజనీరు. సైన్యానిది ఒక రకం రేడియో, వాయుసేనది ఇంకొకటి, నౌకాదళానిది మరొకటి. ఒకరి సందేశం ఇంకొకరి యంత్రానికి అర్థం కాదు. విమానంలో ఒక పెట్టె పెట్టి, ఆకాశం నుంచి ఈ మూడింటినీ కలపాలి. కొండో ఇసుకదిబ్బో అడ్డువచ్చి నేల మీద పక్కవాడికి చేరని మాట, పైనుంచి అయితే చేరుతుంది. ఆ పెట్టె తయారు చెయ్యడంలోనే ఆమె నలభైల వయసు చాలావరకు గడిచిపోయింది.

పాలకొల్లులో పుట్టి, కాకినాడలో చదువుకుని, భర్త ఉదయ్‌కిరణ్ బ్యాంకు ఉద్యోగం వల్ల ఢిల్లీ చేరిన మనిషి. పెట్టె పనితో ఆమె అంతగా అలసిపోలేదు. అలసట అంతా మీటింగులతోనే. ఒక శత్రు వాహనం ఎక్కడుందో చెప్పడానికి మూడు దళాలకూ మూడు పద్ధతులు. ఎవరిని అడిగినా "మా పద్ధతి ఉంచండి, వాళ్ళను మార్చుకోమనండి" అనేవారు. ఒక అధికారిని నచ్చజెప్పి ఒప్పించేసరికి ఆయనకు బదిలీ అయ్యేది. ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తాయన టీ కప్పు పక్కన పెట్టి, "మేడమ్, షురూ సే బతాయియే" అనేవాడు. హైమవతి మళ్ళీ మొదటి నుంచి చెప్పేది.

చలికాలంలో పొగమంచు కమ్మిన రోడ్డు మీద ఆఫీసు క్యాబ్ పాకుతూ వెళ్తుంటే, అద్దానికి తల ఆన్చి నిద్రపోయేది. ఇంటికి వచ్చాక కూతురు శరణ్యతో రెండు మాటలు మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు.

"ఏమ్మా, తిన్నావా?" అంటే, "ఖా లియా మమ్మీ. ఆప్ సో జావో" అనేది ఆ పిల్ల, తల్లిని పడుకోమంటూ.

చివరికి విమానంలో పరీక్ష జరిపే రోజులు వచ్చాయి. రాజస్థాన్ ఎడారి మీద ఒక పాత రవాణా విమానం తిరుగుతుంది. అందులో హైమవతి, ఆమె సహోద్యోగి శివకుమార్ పెట్టె ముందు కూర్చుంటారు. శివకుమార్‌ది కరీంనగర్ వైపు ఊరు, ఎంత కంగారులోనూ గొంతు పెంచని మనిషి. కింద సైన్యం బండ్లు కొన్ని, దూరంగా వాయుసేన స్థావరం, గుజరాత్ తీరంలో నౌకాదళం వాళ్ళ గది. ముందుగా రాసిపెట్టిన సందేశాలనే ఒకరి నుంచి ఒకరికి పంపాలి. నిజమైన మాటలేవీ పెట్టె గుండా పోనివ్వకూడదు. ఇంకా రుజువు కాని యంత్రం మీద ఎవరి ప్రాణమూ ఆధారపడకూడదన్నది ఆ నిబంధన ఉద్దేశం. అది రాసినవాళ్ళలో హైమవతి కూడా ఉంది.

విమానం ఎక్కితే ఆమెకు కడుపులో తిప్పేది. ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని, చెవులకు హెడ్‌ఫోన్ బిగించుకుని కూర్చునేది. మొదటి రోజులు బాగానే గడిచాయి. మూడు వైపులా సందేశాలు చేరుతున్నాయి. ఇంకొక్క రోజు ఇలాగే జరిగితే పరీక్ష పూర్తవుతుంది.

ఆ ఆఖరి రోజు పొద్దున సైన్యం వైపు నుంచి, సందేశాల మధ్యలో ఒక గొంతు వచ్చింది.

"కోయీ సున్ రహా హై? గాడీ పలట్ గయీ. డ్రైవర్ నీచే దబా హై. కోయీ సున్ రహా హై?"

కింద ఒక లారీ దిబ్బ మీద నుంచి బోల్తా పడింది. డ్రైవరు దాని కింద చిక్కుకున్నాడు. చుట్టూ దిబ్బలు కావడంతో ఆ జవాన్ల రేడియో వాళ్ళ స్థావరానికి అందడం లేదు. విమానానికి మాత్రం వినబడుతోంది.

హైమవతి వెంటనే కింద పరీక్ష నడిపిస్తున్న అధికారికి ఈ సంగతి చెప్పి, సైన్యాన్ని వాయుసేన హెలికాప్టర్ల వాళ్ళతో కలపమంటారా అని అడిగింది.

"వెయిట్ చేయండి మేడమ్. పైవాళ్ళను అడుగుతున్నాం."

ఆమె ఆగింది. కింద గొంతు మళ్ళీ పిలిచింది. ఈసారి వెనక ఎవరో మూలుగుతున్నారు. హైమవతి ఆ అధికారిని ఇంకోసారి అడిగింది. "అడుగుతున్నాం" అన్న మాటే వచ్చింది.

"శివా, ఇంక ఆగలేం" అంది.

"మేడం, గా రెండింటిని కలిపితే మన రికార్డింగు ఆగిపోతది. ఇన్ని రోజుల పరీక్ష మొత్తం ఖరాబైతది."

"తెలుసు. నువ్వు చెయ్యకు. నేనే చేస్తాను, నా పేరు మీదే ఉండనీ."

రెండు చానెళ్ళూ కలిపింది. అవతల వాయుసేన వాళ్ళకు గరగర తప్ప ఏమీ వినబడలేదు. మాటను దాచే రహస్య సంకేతం ఎవరిది వాళ్ళదే. అది తీసేస్తే తప్ప మాట మాటలా చేరదు. తీసేస్తే ఎవరైనా వినొచ్చు. అది ఇంకా పెద్ద తప్పు. ఆమెకు ఇంటి దగ్గర శరణ్య గుర్తు రాలేదు, ఉద్యోగం గుర్తు రాలేదు. చెవిలో ఆ మూలుగే ఉంది. సంకేతం తీసేసింది.

"బేస్ సున్ రహా హై. బోలియే, కహాఁ హైఁ ఆప్?" అన్న వాయుసేన వాళ్ళ జవాబు స్పష్టంగా కిందకి వెళ్ళింది.

కింద జవాను ఏడుపు ఆపుకుంటూ చోటు చెప్పాడు. అవతలి నుంచి డాక్టరు మాట్లాడాడు. కాలికి గట్టిగా కట్టు ఎలా కట్టాలో, మనిషిని ఎలా మెలకువగా ఉంచాలో చెబుతూ పోయాడు. విమానం పక్కకు వెళ్తే మాట తెగిపోతుంది. పైలట్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఫ్యూయల్ హై మేడమ్. ఘూమతే రహేంగే."

ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంటే హైమవతి రెండుసార్లు వాంతి చేసుకుంది. శివకుమార్ నీళ్ళ సీసా అందించాడు. ఆమె హెడ్‌ఫోన్ మాత్రం తియ్యలేదు. హెలికాప్టర్ దిగిందని కింద నుంచి అరుపులు వినబడ్డాక సీటుకు జారబడి కళ్ళు మూసుకుంది. ఆనందం అనిపించలేదు. ఒళ్ళంతా ఇసుక నింపినట్టు బరువుగా ఉంది.

డ్రైవరు బతికాడు, మోకాలి కింద కాలు పోయింది.

ఢిల్లీలో విచారణ జరిగింది. బల్లకు అటువైపు మూడు దళాల వాళ్ళూ కూర్చున్నారు. ఎవరూ కేకలెయ్యలేదు. విచారణకు పెద్దగా ఉన్న నౌకాదళ అధికారి మర్యాదగానే అడిగాడు.

"అనుమతి రాకముందే సంకేతం తీసేశారు. ఆ చానెల్‌లో వేరే రహస్యం పోతూ ఉంటే?"

"ఘోరం జరిగేది సార్. అది నాకు తెలుసు."

"మళ్ళీ అదే పరిస్థితి వస్తే?"

"మళ్ళీ అదే చేస్తాను సార్. కానీ ఈ పరీక్షంతా ఇంకోసారి పెట్టే ఓపిక నాకుందో లేదో చెప్పలేను."

ఎవరో నవ్వబోయి ఆగారు. తీర్పు అనుకున్నట్టే వచ్చింది: పరీక్ష చెల్లదు, మొదటి నుంచి చెయ్యాలి. హైమవతికి హెచ్చరిక ఇచ్చారు. దానితో పాటు ఒక కొత్త పనీ అప్పగించారు. ప్రమాదంలో ఉన్నవాడి గొంతును రహస్యాలకు చేటు రాకుండా మూడు దళాలకూ చేర్చే ఏర్పాటు పెట్టెలో ఉండాలట. అన్నేళ్ళ మీటింగుల్లో మూడు దళాలూ వెంటనే ఒప్పుకున్న విషయం అదొక్కటే.

ఆ రాత్రి ఇంట్లో కంచం ముందు కూర్చుని, అన్నం కలుపుతూ కలుపుతూ ఏడ్చేసింది.

"మానేస్తావా హైమా?" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"ఇప్పుడెలా మానేస్తానండీ? ఆ ఏర్పాటు నేనే అడిగినట్టయ్యింది కదా."

వేసవి అంతా దాని మీదే పోయింది. తర్వాతి చలికాలంలో మళ్ళీ ఎడారికి వెళ్ళారు. ఈసారి ఏ బండీ పల్టీ కొట్టలేదు. పరీక్ష సాఫీగా ముగిసింది, పెట్టెను అంగీకరించారు. ఆఫీసులో కేకు కోశారు. తనకు పెట్టిన ముక్క సగం తిని, పై అధికారి గదిలోకి వెళ్ళింది.

"సార్, నేను ఇంక విమానం ఎక్కలేను. కొత్తగా వచ్చే ఇంజనీర్లకు పాఠాలు చెప్పే పని ఇవ్వండి."

తర్వాతి ప్రాజెక్టుకు నాయకత్వం ఆమెకే ఇద్దామనుకున్నారని ఆయన చెప్పాడు. హైమవతి తల అడ్డంగా ఊపింది. ఆయన "ఠీక్ హై" అన్నాడు.

ఇప్పుడు ఆమె చీకటి పడకముందే మెట్రోలో ఇల్లు చేరుతోంది. కుడి చెవిలో సన్నటి హోరు మిగిలిపోయింది, డాక్టరు అది పోదన్నాడు. మొన్న ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. శరణ్య తల్లి గది తలుపు తోసి చూసి, లేపుదామని "మమ్మీ, ఉఠో నా" అనబోయి, తండ్రి సైగ చేస్తే చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.