గోల్‌కీపర్ ఇంటికి కొత్త జెర్సీ

సోమలింగం మాటలు వింటే ఆ ఏడాది కప్పు తన జట్టుదే అనిపించేది. సూరత్‌లో ఆల్థాన్ వైపున్న ఓ కాలేజీలో అతను ఆటల మాస్టారు. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టంటే ప్రాణం. కరోనా ఒక సీజన్‌ను ఆనవాలు లేకుండా మింగేశాక, 2021 దీపావళి సెలవులు కాగానే మళ్లీ పోటీలన్నారు. మరి జట్టేదీ? ముందు వరసలో ఆడే ఇద్దరు లాక్‌డౌన్‌లో ఒడిశా వెళ్లి అక్కడే ఉండిపోయారు. ఒకమ్మాయికి పెళ్లయిపోయింది. మిగిలినవాళ్లు ఫోన్లో పాఠాలు వినీ వినీ, సగం మైదానం పరిగెత్తేసరికి నడుం పట్టుకుని కూలబడుతున్నారు. కొత్తవాళ్లను కలిపి ఎలాగో పదిమందిని పోగేశాడు గానీ గోల్ కాసే మనిషి లేదు.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని తల్లి వజ్రమ్మ నవ్వేది. కొడుక్కి ఆ పేరు పెట్టింది తనే కదా, ఆమెకా హక్కుంది.

ప్రిన్సిపల్ మాత్రం నవ్వలేదు. గోల్‌కీపర్ లేనిదే పోటీలకు జట్టు పేరు పంపననీ, ఈసారి పంపకపోతే ఆ జట్టును ఎత్తేస్తాననీ తేల్చి చెప్పాడు.

గోల్‌కీపర్ లేకపోలేదు, హారతి ఉంది. పాండేసరలో మరమగ్గం నడిపిన రాములు కూతురు. ఏప్రిల్లో రాములు కరోనాతో పోయాడు. అప్పట్నుంచీ పిల్ల మైదానం మొహం చూడలేదు. ఫోన్ చేస్తే "అమ్మ పంపదు సార్" అంటుంది, అంతే.

ఒక ఆదివారం సోమలింగమే వాళ్లింటికి బయల్దేరాడు. ఒట్టి చేతులతో ఏం బాగుంటుందని ఒకటో నంబరు కొత్త జెర్సీ పట్టుకెళ్లాడు. చేసిన పొరపాటల్లా అదే. సూరత్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు నోట్లో నిలిచింది గానీ ఆచారాలన్నీ తల్లికే వదిలేశాడు.

హారతి, ఆమె తల్లి ఐలమ్మ నేలమీద కూర్చుని కూలికి చీరలకు రాళ్లు అంటిస్తున్నారు. గదినిండా కొత్త చీరలే. అతను జెర్సీ మడత విప్పగానే ఐలమ్మ చెయ్యి ఆగిపోయింది. హారతి తల దించుకుంది.

"ఇవన్ని సేఠ్ చీరలు సారూ. ఆయన పోయినంక మా ఒంటి మీదికి కొత్త బట్ట రాలె" అంది ఐలమ్మ. "దినాలకు తల్లిగారోళ్లొచ్చి బట్టలు పెడితెనే మైల పోతది. సిరిసిల్లల మా అన్న ఉండె. ఈడ ఈయన, ఆడ గాయన, ఒక్క నెలలనే పోయిండ్రు. ఇగ నాకు పెట్టేటోళ్లెవరు? గిట్లున్నప్పుడు పోరిని ఆటలకెట్ల తోలుత?"

"తెల్వక తెచ్చిన అక్కా, తప్పయింది" అంటూ సోమలింగం జెర్సీ మడిచి గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

"నేను పెట్టొచ్చునా అక్కా?"

ఇదంతా గోల్‌కీపర్ కోసం వేసిన ఎత్తు అనుకునేవాళ్లు అనుకోండి. జట్టు మీద ఆశ లేదంటే అబద్ధమే. కానీ పుట్టింటి దిక్కు లేని ఆ మనిషిని అలా వదిలి గడప దాటలేకపోయాడు, అదీ నిజమే.

ఐలమ్మ చేతిలోని చీర పక్కన పెట్టింది. "తల్లిగారి బట్టలంటె ఒక్కనాటితోని ఒడిసేటివి గావు తమ్మీ. మంచికి, చెడ్డకు రావాలె."

"వస్త."

సందు చివరి దుకాణానికి పోయి చీర కొనుక్కొచ్చాడు. ఈలోగా తల్లీకూతుళ్లు తలస్నానం చేసి పీటల మీద కూర్చున్నారు. చీర ఐలమ్మ భుజం మీద కప్పాడు, జెర్సీ హారతి భుజం మీద కప్పాడు. మొగుణ్ణి ఆసుపత్రి నుంచి అటే కాటికి తీసుకుపోయిన రోజున కూడా బిగపట్టుకున్న ఐలమ్మ, ఇప్పుడు గొంతెత్తి ఏడ్చింది. ఇరుగుపొరుగు గుమ్మంలో మూగారు. ఎవరూ ఊరుకోమనలేదు.

హారతి జెర్సీని గుండెకు అదుముకుని ముక్కు తుడుచుకుంది. "రేపు ప్రాక్టీస్ ఎన్ని గంటలకు సార్?"

ఏడుస్తూనే ఐలమ్మ కూతురి వీపు మీద ఒక్కటి చరిచింది.

"సారేందే? మామా అను."