రోజూ కడిగిన అతుకు

గనులు జోరుగా నడిచిన ఆ రోజుల్లో కూరెకుప్పలో ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడం నాకొక పంతం. దోణిమలై వైపు నుంచి ఖనిజం లారీలు తెంపు లేకుండా దిగేవి. రోడ్డు ఎర్రన, రోడ్డు పక్క వేపచెట్లు ఎర్రన, వీధిలో తెల్లకుక్క పుడితే నెల తిరక్కుండా అదీ ఎర్రన. ఆదివారం తెల్లచీర కట్టుకుని బయల్దేరితే చర్చి మెట్లెక్కేసరికి అంచు ఇటుకరంగుకు తిరిగేది. అందుకని పొద్దున్నే లేచి గడపలు, కిటికీలు, వెనక గోడ, బట్టల బండ, పూలకుండీల ఆకులతో సహా అన్నీ నీళ్ళు పోసి కడిగేదాన్ని. "ఈ ఇంట్లో నువ్వు కడగంది నన్నొక్కణ్ణే" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మాది మోటార్లకు వైండింగ్ చేసే షెడ్డు. కంకర మిషన్ల మోటార్లు కాలిపోయి వస్తే వాటికి రాగితీగ చుట్టేది ఎక్కువగా నేనే. తీగ పట్టుకుంటే నాకు తిరుగు లేదని ఒక పొగరుండేది. దానికి తోడు నా దగ్గర హ్యామ్ రేడియో లైసెన్సు కూడా ఉంది. అంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, ఇంట్లో సొంత రేడియో పెట్టుకుని, అలాంటి లైసెన్సే ఉన్న ఎవరితోనైనా గాలిలో మాట్లాడుకోవచ్చు. మా వీధిలో ఆడవాళ్ళు దాన్ని 'ఆమె డబ్బా' అనేవాళ్ళు.

అది నాకు నేర్పింది చర్చిలో ఆదివారం బడి చెప్పిన సారు. రైల్వేలో తంతి పని చేసి దిగిపోయిన మనిషి. వాక్యం అప్పజెప్పించుకున్న తర్వాత బల్లమీద వేలితో టకటకలాడిస్తూ మాకు తంతి భాష నేర్పబోయాడు. మిగతా పిల్లలు జారుకున్నారు, నేను మిగిలాను. తర్వాత ఎన్నో ఏళ్ళకు ఆయన సిరుగుప్ప దగ్గర దేశనూరులో కొడుకింటికి చేరాడు. మోకాళ్ళు పట్టేసి మంచం దిగడమే కష్టమైంది. కొడుకూ కోడలూ తెల్లవారుతూనే వరిమడికి పోతే ఇంట్లో ఆయనా ఆ రేడియో. రోజూ పొద్దున ఆరున్నరకు నేను పిలిచేదాన్ని, ఆయన పలికేవాడు. అరగంట మాట్లాడుకునేవాళ్ళం. ఏం కూర, మడిలో నీళ్ళున్నాయా, మొన్న చర్చిలో ఏ పాట పాడారు, ఇవే మాటలు. నలభై దాటిన నన్ను 'పాపా' అని పిలిచే మనిషి లోకంలో ఆయనొక్కడే మిగిలాడు. ఆయనకూ రోజంతటికీ ఉన్న ముచ్చట ఆ అరగంటే.

ఒక ఏడు మా ఇంటి దగ్గర కొత్త కంకర మిషను పెట్టారు. దాని మోటార్ల గురగుర రేడియోలోకి ఎక్కింది. ఏరియల్‌ను ఇంటి వెనక దిబ్బ మీదికి మార్చాను. అంత దూరం సన్నకేబులు లాగితే దారిలోనే సగం బలం పోతుంది. పాత సామాన్ల గుజిరీ అంగట్లో చూస్తే, టీవీ కేబులు వాళ్ళు పీకి పారేసిన పాత లైను చుట్టలు చుట్టలుగా పడి ఉంది. వేలంత లావు, పైన అల్యూమినియం గొట్టం, బలం పోనియ్యని సరుకు. తూకానికి తెచ్చుకున్నాను. దిబ్బ మీద నుంచి వెనక గోడ దాకా అది వస్తుంది, అక్కడి నుంచి లోపలికి మామూలు రాగికేబులు. రెంటికీ అతుకు వెయ్యాలి.

సారుకు రేడియోలోనే ఆ మాట చెప్పాను. "రాగినీ దాన్నీ నేరుగా కలపొద్దు పాపా," అన్నాడు. "రెండూ తడిలో ఒకదాన్నొకటి తినేస్తాయి. నడుమ తగరం పూసిన బిళ్ళ పెట్టు. గ్రీసు పుయ్యి. యాడా నీళ్ళు తగలనీయొద్దు."

"సరే సార్" అన్నాను. తగరం బిళ్ళకు బళ్ళారి పోవాలి. షెడ్డులో పని నెత్తి మీదుంది. అల్యూమినియానికి మామూలు టంకం అంటదు కాబట్టి రాగికేబులు పై పొరలోని అల్లికను దాని చుట్టూ బిగించి, క్లిప్పు వేసి, నల్లటేపు చుట్టి, పైన రెండు రకాల బంక కలిపిన ముద్ద మెత్తాను. అది ఆరి రాయిలా అయింది. ఇంక దేవుడు దిగొచ్చినా ఊడదనుకున్నాను. మర్నాడు సారు, "పక్కన కూర్చోని మాట్లాడినట్లుండాది పాపా" అంటే గాల్లో తేలాను.

ఆ అతుకు వెనక గోడ మీద, నీళ్ళతొట్టికి పైన, నడుమెత్తున ఉండేది. పదిగంటలకల్లా దాని మీద ఎర్రదుమ్ము అట్టకట్టేది. నేను ఊరుకుంటానా? పొద్దున రేడియో పెట్టకముందే గోడతో పాటు దానికీ రెండు చెంబులు గుమ్మరించి చేత్తో రుద్దేదాన్ని. నీళ్ళు తగలనీయొద్దన్న మాట గుర్తు లేక కాదు. నా లెక్కలో నీళ్ళంటే వాన. ఇది కడగడం.

ఎండాకాలం దాటిన తర్వాత సారు గొంతు సన్నబడటం మొదలైంది. పొద్దున పిలిస్తే బుస్సుమనే మోతలో ఎక్కడో అడుగున వినపడేది. నేను ఒకటడిగితే ఆయన ఇంకొకటి చెప్పేవాడు. "కోడలికి జరం తగ్గిందా సార్?" అంటే, "ఆఁ ఆఁ, వంకాయే" అనేవాడు. సాయంత్రం ఊరికే రేడియో పెడితే మాత్రం బెంగళూరు వాళ్ళు, హుబ్బళ్ళి వాళ్ళు గంట కొట్టినట్టు వినపడేవాళ్ళు. సాయంత్రం అందరూ వినపడి, పొద్దున ఈయన ఒక్కడే వినపడకపోతే తప్పు ఎవరిది? ఆయన ఏరియల్ చూపించుకోమన్నాను. కొడుకు చెట్టెక్కి చూసి బాగుందన్నాడు. సెట్టు పాతదైందన్నాను. ఆయన దాన్నీ విప్పి చూసుకున్నాడు. "ఒక్కతూరి నీ అతుకు చూడకూడదా పాపా?" అని మెల్లిగా అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఒకే ముక్క ఐదుసార్లు చెప్పి విసిగిపోయి, "మీకు చెవులు పోయినాయి సార్! పోయి డాక్టరుకు చూపిచ్చుకోండి!" అని మైకులో అరిచాను.

మూడు నెలల్లో ఆ ఒక్క మాట మాత్రం ఆయనకు చక్కగా వినపడింది. "సరి పాపా" అన్నాడు.

బళ్ళారి పోయి చూపించుకున్నాడని తర్వాతి వారం ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆ ఇంట్లో ఫోన్ ఆమెదొక్కటే, అది ఆమెతో మడికి పోతుంది. "మామ ఇంగ డబ్బా పెట్టడంట క్కా. లైసెన్సు గడువు అయిపోతాండాది, మళ్ళా కట్టనంటాండాడు. ఆదివారం వచ్చి సెట్టు నిన్ను తీస్కపొమ్మన్న్యాడు." డాక్టరు ఏమన్నాడని అడిగాను. "ఏమో క్కా, మాకేం చెప్పలే. ఇంట్లో అందరం అరిచే మాట్లాడతాండాం" అంది. ఫోన్ పెట్టేసి బాగా ఏడ్చాను. ఆయన చెవుల కోసమే ఏడ్చాను, నా నోటి కోసం కాదు. అప్పటికి నా నోరు నాకు నిజమే చెప్పినట్టుంది.

ఆ వారమే లారీ ఎక్కి మా వీధి నీళ్ళ పైపు పగిలింది. మూడు రోజులు కొళాయి రాలేదు. దూరం నుంచి మోసుకొచ్చిన బిందెలు వంటకే సరిపోలేదు, ఇంక కడగడం ఎక్కడిది? దుమ్ము చూస్తూ పళ్ళు నూరుకున్నాను. ఆరున్నరకు అలవాటు కొద్దీ రేడియో పెట్టేదాన్ని, పలికే మనిషి లేకపోయినా. మొదటి రోజు బుస్సు తగ్గింది. రెండో రోజు హుబ్బళ్ళి ఆయన పొద్దున్నే గణగణ వినపడ్డాడు. మూడో రోజు మైసూరు దాకా వినపడ్డారు. ఆకాశం బాగున్నట్టుంది, సారు ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను.

నాలుగో రోజు నీళ్ళొచ్చాయి. మూడు రోజుల కసి తీరా ఇల్లంతా కడిగాను, అతుకునూ కడిగాను. వెళ్ళి రేడియో పెడితే బుస్సు. మైసూరు లేదు, హుబ్బళ్ళి లేదు. చెంబు చేతిలోనే ఉంది. దాని వంక చూశాను, కిటికీలోంచి గోడ వంక చూశాను. చెంబు పడేసి బయటికి పరిగెత్తాను.

ముద్దను సుత్తితో కొట్టి విప్పాను. ఎండకు అది ఎప్పుడో వెంట్రుకంత బీటలిచ్చింది. రోజూ నేను పోసిన నీళ్ళు ఆ బీటల్లోంచి లోపలికి పోయి నిలిచాయి. అల్యూమినియం మీద తెల్లపొడి సున్నంలా పేరుకుంది. రాగి అల్లిక పచ్చబారి, వేలు పెడితే నలిగిపోయింది. సాయంత్రానికి ఆరేది కాబట్టి సాయంత్రం అందరూ వినపడేవాళ్ళు. ఆడలేక మద్దెల ఓడు అన్నదానిలా, మూడు నెలలు ఆయన ఏరియల్‌నూ సెట్టునూ చివరికి చెవులనూ తప్పుబట్టాను. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

మర్నాడు బళ్ళారి పోయి తగరం బిళ్ళ తెచ్చి, ఆయన చెప్పిందంతా చెప్పినట్టే చేసి, అతుకును పైకప్పు కిందికి మార్చాను. శనివారం ఆరున్నరకు పిలిచాను. గాలి కడిగినట్టుంది, కానీ ఆయన పలకలేదు. కోడలి ఫోనుకు చేసి చెప్పొచ్చు. ఇది ఆయన ముఖం చూసి చెప్పాల్సిన మాట అనిపించింది.

ఆదివారం కుళ్ళిన అతుకును టిఫిన్ డబ్బాలో పెట్టుకుని రెండు బస్సులు మారి దేశనూరు పోయాను. సారు మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద రేడియో సెట్టు దుప్పట్లో మూటకట్టి, నాలుగు ముడులు వేసి ఉంది. కోడలు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి "అక్క వచ్చిండాది!" అని అరిచింది. ఆయన కొంచెం మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నేను డబ్బా మూత తీసి అతుకును ఆయన చేతిలో పెట్టాను. వెలుతురుకు పట్టి తిప్పి చూశాడు. గోటితో తెల్లపొడి గీకాడు.

"నీళ్ళు పడిండాయి" అన్నాడు.

"నేనే పోసినా సార్. రోజూ."

"యాలమ్మా?"

"దుమ్ము పడింటే... కడిగినా."

సారు నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "దుమ్ము ఏం చేస్తాది పాపా దాన్ని? సుమ్నె, ఊరికే ఉండనియ్యల్ల!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

"మీ చెవులు బాగుండాయి సార్. తప్పంతా నాది" అన్నాను, అరవకుండా, మామూలు గొంతుతో.

ఆయన అతుకును మంచం మీద పెట్టాడు. "డాక్టరు గూడా అదే చెప్పినాడు. చెవులకేం కాలేదు, పో అన్న్యాడు."

"మరి సెట్టు యాల మూటకట్టినారు సార్?"

"ఆయప్ప నా చెవులు చూసింది పది నిమిషాలు. నువ్వు ఇన్నేండ్లుగా రోజూ నాతో మాట్లాడతాండావు. మా పాపే చెప్పినాక ఇంగ ఆయప్ప మాటేంది అనుకున్యా."

నేను స్టూలు దగ్గరికి పోయి దుప్పటి ముడులు విప్పడం మొదలుపెట్టాను. గట్టిగా వేసినట్టున్నాడు, పళ్ళతో లాగాల్సి వచ్చింది.