పెద్దాయన సమాధి మీద పటేలు దండ

మా చిన్నతనంలో పెద్దాయన వర్ధంతికి మేం గుట్ట ఎక్కే రోజు తెల్లారకముందే జొన్నరొట్టెలు కాలేవి... సద్దిమూట కట్టుకుని, సొరబుర్రలో నీళ్ళు పోసుకుని నాయనమ్మ ముందు నడిచేది. వెనక నేనూ, చెల్లీ.

నైజాం మీద తిరగబడి ప్రాణమిచ్చిన పెద్దాయన సమాధి ఆ గుట్ట మీదే ఉంది. ఆయన్ని దాచి, ఆయనతో పాటే చనిపోయాడు నాయనమ్మ వాళ్ళన్న మల్లయ్య. వాళ్ళు దాక్కున్న చోటు పోలీసులకు చూపించింది మా ఊరి పటేలే. ఊరంతటికీ తెలుసు... పైకి ఎవరూ అనరు.

ఒక ఏడు వర్ధంతికి ఆ పటేలు కొడుకే ముఖ్య అతిథి! సమాధికి పెద్ద బంతిపూల దండ వేశాడు. చప్పట్లు...

నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి దండ లాగి పారేసింది.

"మీ అయ్య సూపిచ్చిన తొవ్వలనే గదరా పోలీసులచ్చింది! ఏ మొకం పెట్టుకొని దండేత్తున్నవ్?"

ఆ ఏడాది పటేలు ఇంటివాళ్ళు మా మడికి కాలువ నీళ్ళు రానివ్వలేదు. వరి ఎండిపోయింది. "తప్పయిందని ఒక్క మాట అనరాదే అవ్వా" అని నాన్న బతిమాలాడు. ఆమె అనలేదు. నాతో మాత్రం అంది, "నేను సచ్చినా నువ్వు మరువకు బిడ్డా."

మరువలేదు...

ఇప్పుడు ఒమన్‌లో, అల్ మవాలేలో ఉంటున్నాం. మొన్న శుక్రవారం తెలుగువాళ్ళం కలుసుకున్నాం. ఆ పటేలు మనవడు, ఇక్కడ పెద్ద కాంట్రాక్టరు, మైకు పట్టుకున్నాడు. "పెద్దాయనకు అన్నం పెట్టి దాచింది మా తాతే" అన్నాడు. మళ్ళీ చప్పట్లు...

లేచి నిలబడ్డాను.

"దాచింది మా మల్లయ్య తాత. పట్టిచ్చింది మీ తాత. ఊరికి ఫోన్ చేసి అడుగన్నా, అందరి ముంగట."

"పాత ముచ్చట్లు ఇప్పుడెందుకక్కా..."

"మైకుల మొదలువెట్టింది నువ్వే గదా!"

అతను ఫోన్ తీయలేదు. మైకు పక్కవాళ్ళ చేతిలో పెట్టి, భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయాడు. మా ఆయన నా చెయ్యి నొక్కుతూనే ఉన్నాడు. కానీ ఆ పటేలు మనవడు తలుపు దాటుతుంటే ఎంత చల్లగా అనిపించిందో, దాచుకోను. నాయనమ్మ చూసి ఉంటే బాగుండేది.

గుట్టకిప్పుడు సిమెంటు మెట్లొచ్చాయి. సద్దిమూటలు లేవు, సెల్ఫీలున్నాయి. సమాధి దగ్గర పాలరాతి మీద దాతల పేర్లున్నాయి... చచ్చిపోయినవాళ్ళవి లేవు.

మీ ఊళ్ళోనూ అలా రాతికెక్కని మనిషి ఉంటే, కింద పేరు రాయండి. మొదటిది నేనే రాస్తున్నాను... మల్లయ్య.