కితియోనే కొన్న వేళ్ల కట్ట

కితియోనే అంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లుమంట. వరసకు బావ కాబట్టి భరిస్తున్నాను. చేసేది సువా రేవు గిడ్డంగిలో గుమాస్తా పని, మాటలు మాత్రం మంత్రిగారివి. పిల్లనిచ్చిన మామ చనిపోతే, రగ్బీ ఆట ఉందని అంత్యక్రియలకు వెళ్లలేదు ఈ మహానుభావుడు. ఆ రోజు పుట్టింటికి వెళ్లిన అతని భార్య ఉనైసి మళ్లీ రాలేదు.

కర్రపెండలం ఉడకేసి పెట్టేవాళ్లు లేరని అయ్యవారికి మూడు నెలలకు గుర్తొచ్చింది. ఇక మా ఆచారం ప్రకారం, దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా మొక్క వేళ్ల కట్ట తీసుకెళ్లి ఉనైసి వాళ్ల పెద్దల ముందు పెట్టి తప్పు ఒప్పుకోవాలి. వాళ్లు కట్టను ముట్టుకుంటే ఉనైసి వస్తుంది, ముట్టుకోకపోతే ఇక రాదు. అతని తరఫున మాట్లాడే ఖర్మ నాకు పట్టింది.

శనివారం పొద్దున్నే మా స్నేహితుడు అపేతేని కూడా వెంటబెట్టుకుని మార్కెట్‌కు వెళ్లాం. కింద చామదుంపల కుప్పల మధ్య జనాన్ని తోసుకుంటూ పై అంతస్తుకు ఎక్కాం. వేళ్లు అమ్మేవాళ్లంతా అక్కడే ఉంటారు. కితియోనే ఒక ముసలామె ముందు ఆగి బేరం మొదలుపెట్టాడు. మా మార్కెట్‌లో చెప్పిన ధరే ధర, బేరమాడటం అమ్మేవాళ్లను అవమానించడమే. సువాలో పుట్టినవాడికి ఆ మాత్రం తెలియదా!

“ఎవరికి నాయనా?” అని అడిగింది ఆమె.

“అత్తారింటికి అవ్వా. పల్లెటూరి మొహాలు, మంచీ చెడ్డా వాళ్లకేం తెలుస్తుంది? పోయినేడాదివి మిగిలుంటే అవే కట్టు. పైకి మాత్రం నాలుగు మంచి వేళ్లు కనపడాలి.”

“ఏం బావా, సిగ్గనిపించట్లేదా?” అన్నాను.

“నువ్వు మాట్లాడాల్సింది అక్కడ, ఇక్కడ కాదు.”

ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత అడిగినట్టే కట్టి, ఎర్ర ఊలుదారంతో ముడేసి ఇచ్చింది.

మిగిల్చిన డబ్బుతో దొరగారు టోపీ కొన్నారు. అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి మా ప్రాణం తీశాడు. తర్వాత రొట్టె పొట్లాలు, ఆపైన అనాసపండు ముక్కలు.

“ఒరేయ్, వాళ్ల ఊరికెళ్లే ఒంటిగంట బస్సు వెళ్లిపోయింది” అన్నాడు అపేతే.

“పోనీరా! నేను రాకుండా వాళ్లు ఎక్కడికి పోతారు?”

మేం వెళ్లేసరికి ఉనైసి వాళ్లంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. నేను కట్ట ముందు పెట్టి, తల వంచుకుని, మా బావ కుమిలిపోతున్నాడని చెప్పాను. అన్నీ అబద్ధాలే. ఉనైసి చిన్నాన్న పాపం మెత్తని మనిషి, కట్ట మీదికి చెయ్యి చాపాడు.

“ఆగరా తమ్ముడూ.”

లోపలి నుంచి వచ్చింది పొద్దుటి ముసలామె! ఉనైసి మేనత్తట. ఉనైసి నాన్న చావుకు కండావు దీవి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిందట. మేం వదిలేసిన ఒంటిగంట బస్సులో మాకంటే ముందే వచ్చేసింది. వీడు అంత్యక్రియలకు వెళ్లి ఉంటే ఆమెను గుర్తుపట్టేవాడు.

“ఈ ముడి నేనేసిందే” అంటూ ఆమె ఊలుదారం విప్పింది. పైనున్న నాలుగు వేళ్లూ పక్కకు తీసి, కింద పుచ్చిపోయినవాటిని అందరికీ చూపించింది. “మనం పల్లెటూరి మొహాలమట, మనకేం తెలియదట.”

నాకు సిగ్గుతో తలకొట్టేసినట్టయింది.

“అత్తా, నువ్వని తెలియక…” అని నసిగాడు కితియోనే.

“తెలిస్తే మంచివి కొనేవాడివి, అంతేగా?” అంది ఉనైసి. చిన్నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉనైసి లేచి లోపలికి వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో ఆ కట్ట మా కాళ్ల దగ్గర దొర్లుతోంది. కితియోనే టోపీ గాలికి ఎగిరిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఆ ముసలిది మేనత్తనని పొద్దున్నే ఓ మాట చెప్పి చావొచ్చుగా బావా? మంచివే కొనేవాణ్ణి!”

నేను తర్వాతి స్టాపులో దిగిపోయాను. ఇంటికి ఇంకా ఎనిమిది మైళ్లుంది.