పొగిడి పోగొట్టుకున్న నర్సమ్మ

1977 వానాకాలం. జనగామలో ఒక సర్కారు ఆఫీసు గోడవారన బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి. మా పనిలో పైన రాసేది సబ్జెక్ట్, అంటే సంగతేమిటో ఒక్క ముక్కలో చెప్పడం. చివర రాసేది ప్రేయర్, అంటే ఏం కావాలో అడగడం. ఈ రెంటి మధ్య నా కలానికి తిరుగు లేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఒకరోజు లచ్చవ్వ అనే పెద్దామె వచ్చింది. వాళ్ల ఊళ్లో కాన్పులు చేసే నర్సును బదిలీ చేస్తారని పుకారట.

"జర గట్టిగ రాయి బిడ్డా. మా కోడలికి నెలలు నిండుతున్నయి. పోయినసారి నర్సమ్మ లేకనే పిల్ల దక్కలే."

రెండు పేజీలు నింపాను. ఆమె హస్తవాసి గొప్పదన్నాను, జిల్లా మొత్తం వెతికినా అలాంటి నర్సు దొరకదన్నాను. ఊరంతా వేలిముద్రలు వేశారు.

పది రోజులకు లచ్చవ్వ మళ్లీ వచ్చింది.

"గంత మంచి నర్సయితే పెద్ద దవాఖానల ఉండాలె అన్నడట పెద్దసారు. నర్సమ్మను గాడికే తోలిచ్చిండు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఆ అధికారికీ మంచి నర్సులు కరువే. ఎక్కడున్నారో నేనే చూపించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

కలం పక్కన పెట్టి అడిగాను. "గిప్పుడు నొప్పులొస్తే ఏం జేస్తరు అవ్వా?"

"ఏం జేస్తం? బండి గడ్తం. వాగు దాటాలె. పోయినసారి వాగుల్నే కన్నది."

అదే రాశాను. 'పోయినసారి నా కోడలు వాగులో కన్నది. పిల్ల దక్కలేదు. మళ్లీ నెలలు నిండాయి. వాగు పారుతున్నది.' ప్రేయర్‌లో, నెల రోజులకు ఒక నర్సును పంపమని మాత్రం అడిగాను. చదివి వినిపిస్తే లచ్చవ్వకు ఆనలేదు.

"గింతేనా? నర్సమ్మ మంచిదని రాయవా?"

"ఈసారి రాయనవ్వా."

నాలుగో రోజు ఆ నర్సమ్మనే డెప్యుటేషన్ మీద పంపారు. ఉద్యోగం ఒకచోట ఉంచి, కొన్నాళ్లు మరోచోట పని చేయించడాన్ని అలా అంటారు. చదివేవాడి అవసరం తెలుసుకుని రాయాలని, చేయగలిగినంతే అడగాలని నాకు అప్పుడు తెలిసింది.

దసరా దాటాక లచ్చవ్వ మనవరాలిని తెచ్చి నా కాగితాల మీద పడుకోబెట్టింది.

"మంచిగ రాసినవ్ బిడ్డా" అంది.

రాసిందేముంది, ఆమె చెప్పినదానికి అడ్డం రాలేదు, అంతే.