పేపర్ల కట్టల వెనక పదకొండు పుస్తకాలు

మా ఊరి గ్రంథాలయానికి కంప్యూటర్ వచ్చిన రోజు నాకు ఒళ్ళు మండింది. విరిగిన ఫ్యాను బాగు చేయించమని రెండేళ్ళు అర్జీలు పెట్టినా పలకని పైవాళ్ళు, దీన్ని మాత్రం అడక్కుండానే పంపారు.

నేను మూడో తరగతిలో బడి మానినవాణ్ణి. వాన రాక, వేరుశనగ విత్తనం పడని ఏడాదుల్లో, ఆ గ్రంథాలయంలో తాడిపత్రి బండల నేల మీద కూర్చునే చదువు నేర్చాను. డిపాజిట్టు కట్టలేని మాలాంటివాళ్ళకు కార్డు లేదు, పుస్తకం ఇంటికివ్వరు. అందుకని సగం చదివినదాన్ని మరొకరు పట్టుకుపోకుండా బీరువా మీది పాత పేపర్ల కట్టల వెనక దాచి వెళ్ళేవాళ్ళం. అది తప్పని ఎవరమూ అనుకోలేదు. కొన్నింటిని మళ్ళీ తీయడం మరిచిపోయాం. ఏటా తనిఖీలో రిజిస్టరు మీద చూడకుండానే టిక్కులు పడేవి.

కొత్తగా వచ్చిన లైబ్రేరియనమ్మ అలా చేయలేదు. ఒక్కో పుస్తకాన్నీ తుడిచి, నంబరు చీటీ అంటించి, కంప్యూటర్లోకి ఎక్కించింది. కరెంటు పోతే ఎక్కించినదీ పోయేది. విసుక్కోకుండా మళ్ళీ మొదలుపెట్టేది. మూడు నెలలకు పని ముగిసింది. రిజిస్టరులో ఉన్న పదకొండు పుస్తకాలు మాత్రం దొరకలేదు. పేపర్లు కంప్యూటర్లోకి ఎక్కవు గనక ఆ కట్టలను ఆమె కదపలేదు.

తనిఖీకొచ్చిన అధికారి, వారంలో చూపకపోతే ఆమే అమ్ముకుందని పైకి రాస్తానన్నాడు, మా అందరి ముందే. తలచుకుంటే ఇప్పటికీ నాకు మంటే.

ఆయన వెళ్ళాక ఆమె తెర మీది పేర్లు చదివింది. బావుల తవ్వకం, గొర్రెల జబ్బులు, నక్షత్రాలు. అన్నీ మేం చదివినవే.

"అవి యాడికీ పోలేదమ్మా. ఈడనే ఉండాయి. దాపెట్టింది మేమే."

ఆమె తెర వదిలి నా వైపు తిరిగింది.

"ఇన్నేండ్లూ ఈడ కూర్చోని దొంగతనం చేస్తాంటివా పెద్దాయనా?"

"లేదమ్మా. చదువుతాంటి."

కట్టలు దించాం. పదకొండూ దొరికాయి. ఒకదాన్ని సగం చెదలు తినేశాయి. దాని అట్ట మూసి బాగున్నట్టు చూపిద్దామన్నాను. ఆమె ఒప్పుకోలేదు, చెడిపోయిందనే ఎక్కించింది. ఇన్నేళ్ళ రిజిస్టర్లు పట్టుకోలేని మా పనిని ఆ యంత్రం పట్టుకుంది. దాన్ని అంత నిజాయితీగా నడిపిన మనిషి ఆమె.

అధికారి మళ్ళీ వచ్చినప్పుడు, దాచింది నేనేనని లేచి చెప్పాను. అమ్ముకుందన్న మాట వెనక్కి తీసుకోమన్నాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. ఆమె తెరను ఆయన వైపు తిప్పింది.

"పదకొండూ ఉండాయి సార్. ఒకటి చెడిపోయింది. సంతకం పెట్టండి."

పెట్టాడు.